బేయర్ లిక్కర్‌లో సేంద్రియ మలినాలను కొలవడం: నమూనా సీసా నుంచి నివేదిక దాకా

బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) రాబట్టే బేయర్ ప్రక్రియలో అదే ద్రావణం, లిక్కర్ అనేది దీన్నే, మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. ఖనిజంతో పాటు వచ్చే కుళ్లిన వృక్షపదార్థం డైజెస్టర్ల (ఖనిజాన్ని కరిగించే పాత్రల) వేడికి, క్షారానికి విడిపోయి ద్రావణంలో చేరుతుంది. ఖనిజంలో సేంద్రియ కార్బన్ సాధారణంగా 0.05 నుంచి 0.5 శాతం లోపే ఉన్నా, లోపలికి వచ్చే కార్బన్, ఎర్రమట్టితోనూ (కరగక మిగిలిన ఖనిజ వ్యర్థం) హైడ్రేట్‌తోనూ (ద్రావణం నుంచి స్ఫటికమయ్యే అల్యూమినియం హైడ్రాక్సైడ్) కార్బొనేట్ రూపంలోనూ బయటికి పోయే కార్బన్ సమానమయ్యే దాకా లిక్కర్‌లో నిల్వ పెరుగుతూనే ఉంటుంది. అలా పేరుకున్న మలినాల వల్ల హైడ్రేట్ దిగుబడి తగ్గుతుంది, కణాలు సన్నబడతాయి, ఉత్పత్తిలో సోడా పెరుగుతుంది, ట్యాంకుల్లో నురగ లేస్తుంది. అందుకే ప్రతి రిఫైనరీ ప్రయోగశాలలోనూ ఈ కొలత ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. అయితే రెండు ప్రయోగశాలలు ఒకే లిక్కర్‌కు వేర్వేరు అంకెలు చెప్పినప్పుడు కారణం చాలావరకు యంత్రంలో ఉండదు; నమూనా తీయడంలోనో, పలుచన చేయడంలోనో, ఆమ్లం కలపడంలోనో ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడింటికే కేటాయించడానికి కారణం అదే.

ముందుగా ఏమి కొలవాలో తేల్చుకోవాలి

లిక్కర్‌లోని సేంద్రియ పదార్థం ఒకే పదార్థం కాదు. ఒక చివర గోధుమరంగు హ్యూమేట్లు ఉంటాయి. ఇవి పెద్ద అణువులు, ద్రావణానికి రంగును ఎక్కువగా ఇచ్చేవి ఇవే. మధ్యలో బెంజీన్ కార్బాక్సిలిక్ ఆమ్లాల లవణాలు, ఫీనాల్ తరహా సమ్మేళనాలు ఉంటాయి. మరో చివర హ్యూమేట్లు ముక్కలు ముక్కలుగా తెగగా మిగిలిన సోడియం ఆక్సలేట్, ఫార్మేట్, ఎసిటేట్, సక్సినేట్ వంటి చిన్న లవణాలు ఉంటాయి. ఈ క్షీణత చివరకు సోడియం కార్బొనేట్‌తో ముగుస్తుంది. కార్బొనేట్ కార్బన్‌ను సేంద్రియ కార్బన్‌లో కలపకూడదు, కానీ కొలత పొడుగునా అది అడ్డుతగులుతూనే ఉంటుంది.

కాబట్టి "సేంద్రియాలు ఎంత?" అన్న ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులున్నాయి. మొత్తం భారం తెలియాలంటే మొత్తం సేంద్రియ కార్బన్‌ను, ప్రయోగశాలల్లో అందరూ టీఓసీ అనేదాన్ని, కొలవాలి. హైడ్రేట్‌తో కలిసి స్ఫటికమై ఉత్పత్తిని పాడుచేసే ప్రమాదం ఎంతో తెలియాలంటే ఆక్సలేట్‌ను విడిగా కొలవాలి. రంగు, నురగ, ఆక్సలేట్ స్థిరత్వం వంటివి అర్థం కావాలంటే హ్యూమేట్ భాగాన్ని చూడాలి. రోజువారీ నియంత్రణకు ఆక్సలేట్, వారానికోసారి టీఓసీ, ఖనిజం మారినప్పుడు మిగతావి అనే ఏర్పాటు చాలా చోట్ల సరిపోతుందని నా అభిప్రాయం.

నమూనా

నమూనా తీసే చోటు ఎప్పుడూ ఒకటే ఉండాలి, అది ఫ్లాకులెంట్ (సన్నని మట్టిని గడ్డకట్టించే రసాయనం), నురగ నివారిణి, స్ఫటిక వృద్ధి రసాయనం వంటివి కలిపే బిందువుకు వెంటనే దిగువన ఉండకూడదు. అవన్నీ సేంద్రియ పదార్థాలే కనుక పూర్తిగా కలవకముందు తీసిన నమూనాలో టీఓసీ అకారణంగా పెరిగి కనిపిస్తుంది. ఎవాపరేటర్లకు వెళ్లే స్పెంట్ లిక్కర్ (హైడ్రేట్ తీసేశాక మిగిలిన లిక్కర్) లైను సాధారణంగా మంచి ఎంపిక, ఎందుకంటే దానిలో అల్యూమినా తక్కువ, ఘనపదార్థం తక్కువ, కూర్పు కూడా నిలకడగా ఉంటుంది.

వాల్వు తెరిచి పైపులో నిలిచిన లిక్కర్‌ను వదిలేసిన తర్వాతే సీసా నింపాలి. సీసా పాలీప్రొపిలీన్‌దిగానీ ఫ్లోరోపాలిమర్‌దిగానీ అయి ఉండాలి. వేడి క్షారం గాజును తినేస్తుంది. మూత దాకా నింపి గాలి లేకుండా బిగించాలి, లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కాస్టిక్ పీల్చుకుని కార్బొనేట్‌ను పెంచుతుంది. ముఖ కవచం, క్షారాన్ని తట్టుకునే చేతి తొడుగులు లేకుండా ఈ పనికి దిగకూడదు. వేడి కాస్టిక్ చుక్క కంట్లో పడితే నష్టం సెకన్లలో జరుగుతుంది.

వడపోత వేడిగా ఉండగానే చేయాలి. ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది మామూలు సెల్యులోజ్ వడపోత కాగితం వాడటం. వేడి కాస్టిక్‌లో సెల్యులోజ్ ఉబ్బి కొంత కరుగుతుంది, అంటే నమూనాలో లేని కార్బన్‌ను మనమే కలిపినట్లవుతుంది. పాలీఈథర్‌సల్ఫోన్ లేదా పాలీప్రొపిలీన్ పొర ఉన్న సిరంజి ఫిల్టర్ వాడి, మొదట వచ్చిన కొన్ని మిల్లీలీటర్లు పారబోయాలి. రెండవది, నమూనాను ప్రయోగశాలకు తెచ్చి చల్లారాక తీరిగ్గా వడకట్టడం. సోడియం ఆక్సలేట్ కరిగే గుణం ఉష్ణోగ్రత తగ్గినా, కాస్టిక్ గాఢత పెరిగినా పడిపోతుంది. ప్లాంటులోని లిక్కర్ చాలాసార్లు ఆక్సలేట్‌తో అతిసంతృప్తమై ఉంటుంది కనుక చల్లారిన సీసా అడుగున సన్నని సూదుల్లాంటి తెల్లని స్ఫటికాలు చేరతాయి. అప్పుడు వడకడితే ఆక్సలేట్‌లో కొంత భాగం ఫిల్టర్ మీదే మిగిలిపోతుంది, టీఓసీ కూడా ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది.

దీనికి సులువైన మార్గం అక్కడికక్కడే పలుచన చేయడం. ముందుగా తూచిన సీసాలో తెలిసిన బరువు వేడి శుద్ధజలం పోసి ఉంచుకుని, వేడిగా వడకట్టిన లిక్కర్‌ను సిరంజితో అందులోకి వదిలి మూతపెట్టి మళ్లీ తూచాలి. పది రెట్లు పలుచనైతే ఆక్సలేట్ స్ఫటికం కాదు. అయితే అల్యూమినేట్ పలుచన ద్రావణంలో అస్థిరంగా ఉంటుంది. హైడ్రేట్ కణాలు లోపలికి రాకుండా వడకట్టితే కొన్ని గంటలు నిలుస్తుంది గానీ రాత్రంతా వదిలితే గోడలకు తెల్లని పొర పడుతుంది. అందుకే విశ్లేషణ ఆ రోజే పూర్తిచేయాలి.

పిపెట్ మీద కంటే తక్కెడ మీద నమ్మకం ఉంచడం మంచిది. లిక్కర్ సాంద్రత సాధారణంగా మిల్లీలీటరుకు 1.2 నుంచి 1.35 గ్రాముల మధ్య ఉంటుంది, జిగట కూడా ఎక్కువ, పిపెట్ గోడకు కొంత అంటుకునే ఉంటుంది. 6.400 గ్రాములు తూచి, సాంద్రత 1.280 అయితే తీసుకున్నది సరిగ్గా 5.00 మిల్లీలీటర్లు అని లెక్క కట్టవచ్చు. సాంద్రతను ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో రాసిపెట్టుకోవాలి.

టీఓసీ: ఆమ్లం లెక్క సరిగ్గా ఉంటే సగం పని అయినట్లే

టీఓసీని రెండు దారుల్లో రాబట్టవచ్చు. మొత్తం కార్బన్‌ను, అకర్బన కార్బన్‌ను విడివిడిగా కొలిచి తీసివేయడం ఒకటి. ఆమ్లంతో కార్బొనేట్‌ను వాయువుగా తరిమేసి, మిగిలిన కార్బన్‌ను నేరుగా కొలవడం రెండవది. లిక్కర్‌కు రెండవదే తగినది. లీటరుకు 40 గ్రాముల సోడియం కార్బొనేట్ ఉన్న లిక్కర్‌లో అకర్బన కార్బనే 4.5 గ్రాములుంటుంది. టీఓసీ 3 గ్రాములు, అకర్బన కార్బన్ 6 గ్రాములు ఉన్న ద్రావణాన్ని తీసివేత పద్ధతిలో కొలిస్తే, ఒక్కో కొలతలో 2 శాతం అనిశ్చితి ఉన్నా చివరి టీఓసీలో అది 7 శాతం అవుతుంది. పైగా ఆమ్లం కలపని క్షార నమూనాను దహన గొట్టంలోకి పంపితే పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత సోడా పీల్చుకుని అక్కడే ఉండిపోతుంది. పీక్ తోక సాగుతుంది, అంకె తగ్గుతుంది, క్వార్ట్జ్ గొట్టం త్వరగా తెల్లబడి పగులుతుంది.

ఇక ఆమ్లం ఎంత కావాలో చూద్దాం. ఈ లెక్కలో అల్యూమినాను మరిచిపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. కాస్టిక్ లీటరుకు 200 గ్రాములు, సోడియం కార్బొనేట్‌గా చెప్పిన లెక్కలో, అల్యూమినా 80 గ్రాములు, కార్బొనేట్ 40 గ్రాములు ఉన్న స్పెంట్ లిక్కర్‌ను తీసుకుందాం. కాస్టిక్‌ను తటస్థం చేయడానికి లీటరుకు 3.77 ఈక్వివలెంట్లు (ఒక ఈక్వివలెంట్ అంటే ఒక మోల్ ప్రోటాన్లు ఇచ్చే ఆమ్లం), కార్బొనేట్‌కు 0.75, మొత్తం 4.52 కావాలి. కానీ అక్కడ ఆగితే అల్యూమినియం అంతా జిగురు హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి సేంద్రియాలను తనతో లాక్కుపోతుంది. దాన్ని అల్యూమినియం అయాన్‌గా కరిగించి ఉంచాలంటే ప్రతి అల్యూమినియం పరమాణువుకూ మరో మూడు ప్రోటాన్లు కావాలి. 80 గ్రాముల అల్యూమినాలో 1.57 మోల్ అల్యూమినియం ఉంటుంది కనుక ఇంకా 4.71 ఈక్వివలెంట్లు. వెరసి 9.2. అంటే సోడాకు మాత్రమే లెక్కకట్టిన వారు కావలసిన దానిలో సగం ఆమ్లమే పోస్తారన్న మాట. ప్రెగ్నెంట్ లిక్కర్‌లో (హైడ్రేట్ ఇంకా విడిపోని లిక్కర్‌లో) అల్యూమినా ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ లోటు ఇంకా పెద్దది.

ఈ లిక్కర్ 5 మిల్లీలీటర్లకు 46 మిల్లీఈక్వివలెంట్లు కావాలి. 2 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 23 మిల్లీలీటర్లతో అది తీరుతుంది, కానీ చివరి పీహెచ్ 2 కంటే కిందికి దిగాలంటే మిగులు ఉండాలి కనుక 40 మిల్లీలీటర్లు తీసుకోవడం మేలు. 500 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 300 మిల్లీలీటర్ల దాకా శుద్ధజలం, ఈ ఆమ్లం ముందే పోసి, అయస్కాంత కడ్డీ తిరుగుతుండగా లిక్కర్‌ను సన్నని ధారగా అందులోకి వదలాలి. ఆమ్లంలోకి లిక్కర్ వెళ్లాలి. లిక్కర్‌లోకి ఆమ్లం కాదు. ఈ క్రమంలో చేస్తే ప్రతి చుక్కా ఎప్పుడూ అధిక ఆమ్లంలోనే పడుతుంది, హైడ్రాక్సైడ్ గడ్డకట్టే తటస్థ ప్రాంతంలో అది క్షణం కూడా నిలవదు. తిరగేసి చేస్తే తెల్లని పెరుగు లాంటి అవక్షేపం ఏర్పడి, తర్వాత ఎంత ఆమ్లం పోసినా కరగడానికి చాలాసేపు పడుతుంది; దానికి తోడు వేడి, నురగ ఒక్కసారిగా లేస్తాయి. నురగ తగ్గాక గీత దాకా నింపి, పీహెచ్ కాగితంతో ఒకసారి చూడాలి.

ఇక్కడ ఒక చిక్కు మిగిలి ఉంది. పీహెచ్ 2 దగ్గర హ్యూమిక్ ఆమ్లాలు కరగవు. ఫ్లాస్కును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని గోధుమరంగు తుంపరలు, అంటే కరగని హ్యూమిక్ కణాలు, తేలుతూ కనిపిస్తాయి. ఇవి చూసి నమూనా మురికిగా ఉందనుకుని మళ్లీ వడకట్టేవారున్నారు. అలా చేస్తే కొలవాలనుకున్న దానిలో ముఖ్యమైన భాగాన్నే పారేసినట్లవుతుంది. ఆమ్లం కలిపిన తర్వాత ఎట్టి పరిస్థితిలోనూ వడకట్టకూడదు. నమూనా గొట్టంలో కలపడం ఆగకుండా జరిగే యంత్రాన్ని వాడాలి. ఆ సదుపాయం లేకపోతే ప్రతి ఇంజెక్షన్‌కు ముందు సీసాను బాగా కుదిపి వెంటనే తీసుకోవాలి. వరుస ఇంజెక్షన్లలో అంకె క్రమంగా తగ్గుతూ వస్తుంటే తుంపరలు అడుగుకు చేరుతున్నాయని అర్థం.

కార్బొనేట్‌ను తరిమేందుకు కార్బన్ లేని గాలిని గానీ నత్రజనిని గానీ 5 నుంచి 10 నిమిషాలు బుడగలుగా పంపిస్తే చాలు. ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలు ఈ దశలో ఎగిరిపోతాయేమోనన్న సందేహం సహజమే. గది ఉష్ణోగ్రత దగ్గర పలుచని ద్రావణం నుంచి పోయేది చాలా స్వల్పం, కానీ నమూనాను వేడిచేస్తూ గంటసేపు గాలి పంపిస్తే ఆ మాట చెల్లదు. తెలిసిన గాఢత గల సోడియం ఎసిటేట్ ద్రావణాన్ని ఇదే విధంగా నడిపి రికవరీ (కలిపిన దానిలో ఎంత శాతం తిరిగి కనిపించిందో) చూసుకుంటే సందేహం తీరుతుంది.

యంత్రం విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. పర్‌సల్ఫేట్‌తో అతినీలలోహిత కాంతినో వేడినో వాడే తడి ఆక్సీకరణ యంత్రాలు ఉప్పును బాగా భరిస్తాయి, కానీ క్లోరైడ్ ఎక్కువైతే అది పర్‌సల్ఫేట్‌ను తినేస్తుంది. అందుకే ఆమ్లంగా హైడ్రోక్లోరిక్ వాడకూడదు. ఉత్ప్రేరకంతో 680 డిగ్రీల సెల్సియస్ నుంచి ఆపైన పనిచేసే దహన యంత్రాలు హ్యూమేట్ తుంపరలను నిస్సందేహంగా కాలుస్తాయి, కానీ సోడియం లవణాలు పేరుకుని ఉత్ప్రేరకం త్వరగా చెడిపోతుంది. దహన యంత్రానికి ఏ ఆమ్లం తగినదో తయారీదారు సూచన చూడాలి. రెండు రకాల్లోనూ 100 రెట్ల పలుచన మంచి మధ్యస్థ స్థానం: లీటరుకు 10 గ్రాముల టీఓసీ ఉన్న లిక్కర్ అప్పుడు 100 మిల్లీగ్రాములుగా కనిపిస్తుంది.

అంశాంకనానికి (యంత్రం చూపే అంకెను తెలిసిన గాఢతతో సరిచూడటానికి) పొటాషియం హైడ్రోజన్ థాలేట్ వాడతారు. 105 నుంచి 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన ఉప్పు 2.125 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల కార్బన్ గల ద్రావణం వస్తుంది. అయితే ఇది శుద్ధజలంలో ఉన్న, తేలిగ్గా ఆక్సీకరణ చెందే పదార్థం. లిక్కర్ అంత ఉప్పున్న చోట యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో అది చెప్పదు. అందుకే శుద్ధమైన కాస్టిక్, అల్యూమినియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్‌లతో కృత్రిమ లిక్కర్ తయారుచేసి, దాన్ని బ్లాంక్‌గా, అంటే సేంద్రియాలు ఏమీ కలపకుండా, ఒకసారి, తెలిసిన ఆక్సలేట్, ఎసిటేట్ కలిపి ఒకసారి అదే దారిలో నడపాలి. రికవరీ 95 నుంచి 105 శాతం మధ్య లేకపోతే అసలు నమూనాల జోలికి పోకూడదు. బ్లాంక్ అంకె అసాధారణంగా పెద్దదైతే గాజుసామాను ఎక్కడిదో విచారించండి. అల్యూమినా, కాస్టిక్‌ల టైట్రేషన్‌లో సోడియం గ్లూకోనేట్ వాడే ప్రయోగశాలల్లో ఆ బల్ల మీది ఫ్లాస్కులు టీఓసీ బల్ల మీదికి రావడం అరుదు కాదు. గ్లూకోనేట్ అంటే ఆరు కార్బన్ల సేంద్రియ లవణమే మరి.

ఆక్సలేట్, చిన్న ఆమ్లాలు

ఆమ్లంతో టీఓసీ, క్షారంతో ఆక్సలేట్ అని గుర్తుంచుకుంటే చాలు. ఆమ్ల ద్రావణంలో అల్యూమినియం అయాన్ ఆక్సలేట్‌తో బలమైన సంక్లిష్టాన్ని ఏర్పరుస్తుంది కనుక టీఓసీ కోసం ఆమ్లీకరించిన ఫ్లాస్కు నుంచే అయాన్ క్రోమటోగ్రాఫ్‌కు (అయాన్లను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే యంత్రానికి) నమూనా తీసుకుంటే ఆక్సలేట్ తక్కువగా కనిపిస్తుంది. ప్లాంటులో పలుచన చేసిన క్షార నమూనానే తాజాగా ఇంకా పలుచన చేసి, మొత్తం మీద 500 నుంచి 1000 రెట్లకు తెచ్చి, హైడ్రాక్సైడ్ గ్రేడియంట్‌తో (ప్రవాహంలో హైడ్రాక్సైడ్ గాఢతను క్రమంగా పెంచుతూ), సప్రెసర్ (ఆ హైడ్రాక్సైడ్ వాహకతను అణచే భాగం) తర్వాత వాహకతతో కొలవాలి. ఫార్మేట్, ఎసిటేట్, లాక్టేట్‌లు ఫ్లోరైడ్ పక్కనే త్వరగా వస్తాయి కనుక గ్రేడియంట్ ఆరంభాన్ని చాలా బలహీనమైన హైడ్రాక్సైడ్‌తో నెమ్మదిగా నడపాలి. సక్సినేట్, మలోనేట్‌లు కార్బొనేట్, సల్ఫేట్‌ల చుట్టుపక్కల ఇరుక్కుంటాయి. ఆక్సలేట్ సల్ఫేట్ తర్వాత వస్తుంది. ఒకే ఇంజెక్షన్‌లో క్లోరైడ్, సల్ఫేట్‌లు కూడా తెలిసిపోవడం అదనపు లాభం.

క్రోమటోగ్రాఫ్ లేని చోట పర్మాంగనేట్ టైట్రేషన్ ఇంకా బతికే ఉంది. 0.1 నార్మల్ పర్మాంగనేట్ ఒక మిల్లీలీటరు 6.70 మిల్లీగ్రాముల సోడియం ఆక్సలేట్‌కు సమానం. కానీ లిక్కర్‌ను ఆమ్లీకరించి నేరుగా టైట్రేట్ చేస్తే హ్యూమేట్లు కూడా పర్మాంగనేట్‌ను తాగేస్తాయి, ఫలితం ఎక్కువగా వస్తుంది. ఆక్సలేట్‌ను ముందుగా కాల్షియం ఆక్సలేట్‌గా విడదీసి, కడిగి, వేడి పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి అప్పుడు టైట్రేట్ చేస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. ఇదే కారణంతో రసాయన ఆక్సిజన్ అవసరాన్ని (మలినాలను ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలతను) టీఓసీకి బదులుగా వాడటాన్ని నేను సిఫార్సు చేయను: ఆక్సలేట్‌లోని గ్రాము కార్బన్‌కు 0.67 గ్రాముల ఆక్సిజన్ చాలు, ఎసిటేట్‌లోని గ్రాము కార్బన్‌కు 2.67 గ్రాములు కావాలి. మలినాల కూర్పు మారితే కార్బన్ మారకుండానే ఆ అంకె మారిపోతుంది.

హ్యూమేట్ల సంగతికి వస్తే, రోజువారీ సూచికగా దృశ్యకాంతి శోషణ సరిపోతుంది. నమూనాను ప్రతిసారీ ఒకే గాఢత గల కాస్టిక్‌తో పలుచన చేయాలి, ఎందుకంటే హ్యూమేట్ రంగు పీహెచ్‌తో మారుతుంది. 465, 665 నానోమీటర్ల దగ్గర శోషణల నిష్పత్తి అణువుల పరిమాణం ఎటు కదులుతోందో స్థూలంగా చూపుతుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

అంకెలను కలిపి చూడటం, రాయడం

యంత్రం 104 మిల్లీగ్రాములు, బ్లాంక్ 2 మిల్లీగ్రాములు చూపి, పలుచన 100 రెట్లైతే టీఓసీ లీటరుకు 10.2 గ్రాములు. అదే నమూనాలో సోడియం ఆక్సలేట్ 3.0, సోడియం ఫార్మేట్ 4.0, సోడియం ఎసిటేట్ 3.0 గ్రాములు ఉన్నాయనుకుందాం. వీటిలో కార్బన్ వరుసగా 17.9, 17.7, 29.3 శాతం కనుక కార్బన్‌గా 0.54, 0.71, 0.88 గ్రాములు, మొత్తం 2.13. మిగిలిన 8 గ్రాములు హ్యూమేట్లు, మధ్యస్థాయి ఆమ్లాలు, గుర్తించని చిన్న లవణాలు. ఈ కూడిక టీఓసీని మించిపోయిందంటే మాత్రం రెండు కొలతల్లో ఒకటి తప్పు. మొదట అనుమానించవలసింది ఆమ్లీకరణనే.

ఆక్సలేట్‌ను ఆక్సలేట్ అయాన్‌గా చెప్పారా, సోడియం ఆక్సలేట్‌గా చెప్పారా, కార్బన్‌గా చెప్పారా అన్నది నివేదికలో తప్పనిసరిగా ఉండాలి. కాస్టిక్ విషయంలోనూ అంతే: కొన్ని రిఫైనరీలు దాన్ని సోడియం కార్బొనేట్‌గా, కొన్ని సోడియం ఆక్సైడ్‌గా చెబుతాయి, మొదటిదాన్ని 0.585తో గుణిస్తే రెండవది వస్తుంది. టీఓసీని కేవలం లీటరుకు గ్రాములుగా రాస్తే ఎవాపరేటర్ బాగా నడిచిన వారమంతా మలినాలు పెరిగినట్లు కనిపిస్తాయి. గత వారం టీఓసీ 10.2, కాస్టిక్ 200. ఈ వారం టీఓసీ 11.0, కాస్టిక్ 220 అయితే నిష్పత్తులు 0.051, 0.050. పెరిగింది కార్బన్ కాదు, గాఢత మాత్రమే. పట్టికలో ఈ నిష్పత్తికి ఒక గడి ఉండి తీరాలి.

అయినా నిష్పత్తి నిజంగానే ఒక్కసారిగా ఎగబాకితే, ఖనిజాన్ని నిందించే ముందు ఈ వరుసలో చూడండి: ఆ రోజు బ్లాంక్ ఎంత, నియంత్రణ నమూనా తన హద్దుల్లో ఉందా, ఫిల్టర్ల పెట్టె మారిందా, నమూనా బిందువుకు ఎగువన ఫ్లాకులెంట్ లేదా నురగ నివారిణి మోతాదు పెరిగిందా. లిక్కర్ వ్యవస్థలో ఉన్న కార్బన్ నిల్వ ఒక రోజులో ఖనిజంతో వచ్చే దానికంటే ఎన్నో రెట్లు పెద్దది కనుక, అసలైన మార్పు వారాల మీద వాలుగా కనిపిస్తుంది గానీ ఒక్క రాత్రిలో మెట్టులా రాదు. ఈ నాలుగూ సరిగ్గా ఉండి, మరుసటి నమూనా కూడా అదే చెబితే అప్పుడు ఖనిజ కుప్పల నుంచి నమూనాలు తెప్పించి వాటి సేంద్రియ కార్బన్‌ను కొలవడం మొదలుపెట్టాలి.